చూడనిది రాయను

హలో, పసిపిల్లల వార్డు, సిస్టర్ని మాట్లాడుతున్నా… ఆ, నేనే. మీ అత్తనే… ఆ, సొంత ఫోనే. ఏం చేయను తల్లీ, ఇరవయ్యారేళ్లుగా నోరు అలాగే తిరుగుతోంది.

లేదు, డ్యూటీ అయిపోయింది. దుప్పట్ల గదిలో కూర్చున్నా. ఇక్కడైతే ప్రశాంతంగా ఉంటుంది… ఇంటికా? ఇంటికెళితే మీ మామయ్య ధైర్యం చెబుతారు. ఆయన ధైర్యం చెబితే నాకు భయమేస్తుంది. పొద్దున్నుంచి ఆరు పెన్సిళ్లు చెక్కి పెట్టారట. రెండు వైపులా.

ఉండు, కాగితం తీస్తున్నా… కలం… ఆ. తేదీ వేశా. టైం ఆరూ ఇరవై. ఫోన్లో చెబుతున్నది — మేనకోడలు, ఇంగ్లీషు పరీక్షకి పాఠాలు చెప్పే టీచరు…

వేయాలమ్మా. రేపు ఎవరు చెప్పారని అడిగితే?… ఎవరు అడుగుతారంటే, ఎవరో ఒకరు అడుగుతారు. ఎప్పుడూ అడుగుతారు.

ముందు ఆదివారం నీ దగ్గర రాసిన నమూనా పరీక్ష మార్కులు చెప్పు… అంత మెత్తగా చెప్పక్కర్లేదు. నేనేం పేషెంటుని కాదు.

… వినడం, ఐదున్నర.

… చదవడం, ఐదు.

… రాయడం, ఐదు. మాట్లాడటం ఇంకా పెట్టలేదు.

తిరిగి చదువుతున్నా, విను. ఐదున్నర, ఐదు, ఐదు. కరెక్టా?… 'ఊఁ' కాదు. కరెక్ట్ అను… ఆ.

కావాల్సింది ఆరున్నర.

… ఆ, ఆ సర్క్యులర్ నా జేబులోనే ఉంది. కొత్త యాజమాన్యం వాళ్లది. వార్డు ఇన్‌చార్జి ఎవరైనా సరే, మూడుసార్లలోపు ఆరున్నర తెచ్చుకోవాలి. రెండుసార్లు అయిపోయాయి. రేపు తొమ్మిదింటికి మూడోది. రాకపోతే స్టోరుకి మారుస్తారు.

… స్టోరంటే గ్లౌజులు, దూది, బ్యాండేజీలు.

… జీతం అదే. జీతం అదేనని అందరూ అదే చెబుతున్నారు. గ్లౌజులు ఏడవవు కదమ్మా. ఏడుపే వినపడని చోట నేనేం చేయను? నాకు ఇంకో పని రాదు. వచ్చినా వద్దు. ఈ వార్డే కావాలి.

… ఇంగ్లీషు రాక కాదు. ఇక్కడ నలుగురు డాక్టర్లు నాలుగు రకాల ఇంగ్లీషు మాట్లాడతారు. నలుగురూ నాకు అర్థమవుతారు. వాళ్లకి ఒకళ్లకొకళ్లు అర్థం కారు, మధ్యలో నేనే చెప్పాలి. నాకు తెలియనిది ఇంగ్లీషు కాదు, ఈ పరీక్ష వరస. ఎక్కడెక్కడ పప్పులో కాలేశానో అది చెప్పు. ఒక్కొక్కటీ.

… వినడం. ఒక్కసారే వినిపిస్తారు. తెలుసు. రాసుకున్నా.

… పైకి మాట్లాడకూడదు.

… చూడు, అందులో ఆయన హోటల్ గది కోసం ఫోన్ నంబరు చెప్పాడు. నేను రాసుకుని తిరిగి చదివాను. తప్పేముంది? డాక్టరు ఫోన్లో మందు చెబితే ముందు రాసుకోవాలి, తర్వాత తిరిగి చదవాలి, ఆయన కరెక్ట్ అనాలి. అప్పుడే మందు. అంతవరకూ సూది పట్టుకోను.

… ఆయన కరెక్ట్ అనలేదు. అందుకే రెండోసారి చదివాను.

… రికార్డింగని నాకూ తెలుసు. తెలిసినా సరే, నేను అడుగుతుంటే బదులు చెప్పకుండా అల్పాహారం ఎన్నింటికో చెప్పుకుంటూ పోయాడు. మనిషికి ఆ మాత్రం మర్యాద ఉండక్కర్లేదా?

… అవునూ, నా పక్కన కూర్చున్న లారీ డ్రైవరుకి వినడంలో ఎంతొచ్చింది?

… ఏడా!

… నా గొంతు విని రాశాడు. బయటికొచ్చాక ఎందుకు దణ్ణం పెట్టాడా అనుకున్నా.

సరే. రాసుకున్నా. 'పైకి చదవకూడదు.' తర్వాత?

… తొమ్మిది ఖాళీలు. ఖాళీలు అనకు. ఖాళీ వదల్లేదు, గీత కొట్టాను. గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం, టైం.

… ఎందుకేమిటి? ఖాళీ వదిలితే తర్వాత ఎవరైనా వచ్చి అందులో ఏదైనా రాసిపెట్టొచ్చు. నా వార్డులో ఏ చార్టు మీదైనా వెతికి చూడు, గోరంత ఖాళీ దొరకదు.

… పేపరు మీద సంతకాలు ఉండకూడదా? ఒక్కటి కూడా?

… రాసుకున్నా. 'సంతకాలు వద్దు.' మనసు ఒప్పుకోవట్లేదు. కానీ రాసుకున్నా.

… ఆ మాట తర్వాత మాట్లాడదాం.

… తెలుసు, తప్పుకి మార్కు కోయరు, తెలియకపోయినా ఏదో ఒకటి రాయాలి అంటావు. తర్వాత అన్నానుగా. ముందు చదవడం సంగతి చెప్పు.

… పదమూడింటికి పదకొండు. అవును, పదకొండింటికీ మూడోదే పెట్టాను. నిజం, అబద్ధం, 'ఇందులో చెప్పలేదు'. చూడగానే నాకు అదే నచ్చింది. ఆ పేపరు మొత్తంలో నిజాయితీ ఉన్నది అదొక్కటే.

… తేనెటీగల గురించే. తేనెటీగ రోజుకి ఇన్ని పూల మీద వాలుతుంది అని రాశాడు. ఎవరు లెక్కపెట్టారు? ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు? ఆ ఈగే మళ్లీ వచ్చిందో, ఇంకో ఈగో, ఎలా తెలిసింది? అదేదీ లేకుండా 'నిజం' అని నేనెలా పెట్టను? ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు…

… నవ్వకు. నేను జోకు వేయలేదు.

… ఓ.

… అంటే లోకంలో నిజమా కాదా అని కాదు. ఆ పేరాలో ఆ మాట ఉందా లేదా, అంతేనా?

తిరిగి చదువుతున్నా. 'పేరా ఔనంటే నిజం. పేరా కాదంటే అబద్ధం. పేరా ఊసే ఎత్తకపోతే చెప్పలేదు.' కరెక్టా?… ఆ. ఈ ముక్క రెండు పరీక్షల క్రితం ఎవరూ చెప్పలేదమ్మా. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టావు.

— ఏంటి సిస్టర్? … మూడో మంచం బాబు పాలు కక్కాడా? ఎంత? … కొంచెం అంటే ఎంత? … చెంచాడా, గిన్నెడా? … చూడలేదా? వెళ్లి చూడు. జ్వరం కూడా చూడు. చూశాక వచ్చి చెప్పు. —

ఆ, చెప్పు తల్లీ. నా తర్వాత డ్యూటీ ఆవిడ. పదేళ్ల సర్వీసు. ఇప్పటికీ 'కొంచెం' అంటుంది.

… రాయడం. రెండు ఉంటాయి. మొదటిది గ్రాఫు, నూటయాభై మాటలు, ఇరవై నిమిషాలు.

… బాగా రాశానా? రాస్తాను. అది జ్వరం చార్టేగా. టీపొడి అమ్మకం ఏ ఏడు పెరిగింది, ఏ ఏడు తగ్గింది. చూసింది చూసినట్టు.

… ఆ. ఆఖరున 'డాక్టరుకి తెలియజేశాను' అని రాశాను. ఉన్నట్టుండి అంత పెరిగితే చెప్పొద్దూ?

… సరే, కొట్టేశా. 'డాక్టరు వద్దు.'

… రెండోది వ్యాసం. నావి అరవైరెండు మాటలు. లెక్కపెట్టి, పక్కన అంకె కూడా వేశాను.

… రెండువందల యాభై కావాలని తెలుసు. కానీ వాళ్లు అడిగిందేంటి? మ్యూజియానికి టిక్కెట్టు ఉండాలా, వద్దా? వద్దు. ఎందుకు? పిల్లలు ఎక్కువమంది వస్తారు. అయిపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

… 'కొందరు ఉండాలంటారు, కొందరు వద్దంటారు, నేను ఇలా అంటాను.' ఆహా. ఆ మొదటి కొందరు ఎవరు?

… ఎవరైనా ఫరవాలేదా? వాళ్లు ఎప్పుడన్నారు?

… అననే లేదా! అన్నట్టు నేనే రాయాలా? మళ్లీ అక్కడికే వచ్చావు.

… ఉండు. ఉండు, ఒక మాట. మీ మామయ్య ఉండాలనే అంటారు. ఊరికే ఇస్తే ఎవరికీ లెక్కుండదు అంటారు, దేనికైనా. అది నేను చెవులారా విన్నాను, ముప్పయ్యేళ్లుగా. ఆ కొందరు మీ మామయ్య అనుకోవచ్చా?

… పైకి 'కొందరు' అని రాసి, లోపల మామయ్యని పెట్టుకోవచ్చు. రాసుకున్నా. అలాగైతే రెండువందల యాభై ఏం ఖర్మ, రెండువేలు రాస్తాను.

… మాట్లాడటం. చెప్పు, ఇది పెట్టనే లేదుగా. మూడు భాగాలు. మొదట ఇల్లు, పని, మామూలు కబుర్లు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. దాని మీద ఒక విషయం ఉంటుంది. నిమిషం ఆలోచించుకోవచ్చు, రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. ఆఖరున దాని మీదే మాటా మాటా. కరెక్టా?

… రెండు నిమిషాలంటే చాలా ఎక్కువమ్మా. డ్యూటీ అప్పజెప్పేటప్పుడు నేను ఒక్కో మంచానికి అరనిమిషం తీసుకుంటా.

… నాలుగు మంచాలు అనుకోవాలా? అలా చెప్పు మరి. నాలుగు మంచాలు.

… ఇప్పుడా? సరే, తీయి కార్డు. ముందు తెలుగులో చెబుతా, వరస కుదిరితే తర్వాత ఇంగ్లీషులో.

… 'మీరు ఎప్పుడైనా చేసిన ఒక పొరపాటు గురించి చెప్పండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, దాన్నుంచి ఏం నేర్చుకున్నారు.'

… వేరే కార్డు లేదా?

… అవునులే. రేపు వాళ్లు మార్చరుగా.

… నిమిషం అక్కర్లేదు. టైం పెట్టు. మొదలుపెడుతున్నా.

నేను చేరి రెండో ఏడు. మధ్యాహ్నం నాలుగింటి రౌండు. ఏడో మంచం, తొమ్మిది రోజుల పాప. పన్నెండింటికి జ్వరం చూశాను, లేదు. రెండింటికి చూశాను, లేదు. నాలుగింటికి పాప నిద్రపోతోంది. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేని ఆ తల్లి కూడా అప్పుడే కుర్చీలో అలాగే తల వాల్చేసింది. థర్మామీటరు పెడితే ఇద్దరూ లేస్తారు. రెండుసార్లు లేని జ్వరం ఇప్పుడెక్కణ్ణుంచి వస్తుంది అనుకున్నా. చార్టు మీద 'జ్వరం లేదు' అని రాశాను. సంతకం పెట్టాను. టైం వేశాను. చక్కగా రాశాను, నా చేతిరాత బాగుంటుంది కదా. నాలుగున్నరకి మా పెద్ద సిస్టరు వచ్చింది. చార్టు చూసింది. జ్వరం లేదని ఉంది. ముందుకెళ్లిపోయింది. మళ్లీ ఎందుకో వెనక్కొచ్చి పాప వీపు మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. ఇక డాక్టర్లు, పరుగులు, సూదులు. బతికింది. నెల్లాళ్లు మా దగ్గరే ఉంది. ఇంటికి పంపేముందు చూస్తే ఎడమ చెవి వినపడటం లేదు. ఆ అరగంట వల్లే అని ఎవరూ అనలేదు. కాదనీ ఎవరూ అనలేదు. నన్నసలు ఎవరూ ఏమీ అనలేదు. పెద్ద సిస్టరుకి మాత్రం తెలుసు. ఆవిడ నా చేతిలో థర్మామీటరు పెట్టి, చూసి రాయమ్మా అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పట్నుంచి చూడనిది రాయను. విన్నది తిరిగి చదవకుండా వదలను. అదే నేను నేర్చుకున్నది.

… అయ్యాయా, రెండు నిమిషాలు?

… హలో?

… వసపిట్టా? చిన్నప్పట్నుంచీ నోరు మూతపడనిదానివి, ఉన్నావా లైన్లో?

… టైం చూడలేదా? అదే కదా నీ పని?

… జలుబా. ఇందాకటిదాకా లేదు. నేను చూడలేదు కాబట్టి రాసుకోను.

… లేదు, ఎవరికీ చెప్పలేదు. మీ మామయ్యకి సగం తెలుసు. మీ నాన్నకి అసలు తెలియదు, తెలియక్కర్లేదు కూడా. మా అన్నయ్యకి చెబితే ఊళ్లో టముకు వేయించినట్టే.

… అది నువ్వే చెప్పు. ఆ అరగంట వల్లే ఆ పిల్ల చెవి పోయింది. నిజమా, అబద్ధమా?

… ఆ. మూడోది. ఇరవై నాలుగేళ్లుగా మూడోదే.

… ఇప్పుడు తెలిసిందా ఆ తొమ్మిదింటికీ ఎందుకు గీత కొట్టానో? మార్కుల సంగతి కాదు. తెలియనిది తెలిసినట్టు రాయబోతే చెయ్యి ఆగిపోతుంది. నిజంగానే ఆగిపోతుంది, వేళ్లు కదలవు. రెండు పరీక్షల్లోనూ అంతే. పక్కవాళ్లు గబగబా రాసుకుపోతుంటే నేను కలం పట్టుకుని, ఎవరికో ఏదో అయిపోతుందని…

… ఏమన్నావు?

… మళ్లీ చెప్పు.

… ఉండు. రాసుకుంటున్నా.

… తిరిగి చదువుతున్నా. 'ఆ కాగితాన్ని… ఎవరి మంచానికీ తగిలించరు.'

… కరెక్టా?

… కరెక్ట్.

… ఏం లేదు. ఉన్నా, ఉన్నా. ఈ దుప్పటి మడత వంకరగా ఉంటే సరిచేస్తున్నా.

… మాట బాగానే ఉంది తల్లీ. రేపు చెయ్యి వినొద్దూ?

… ఇప్పుడా? నువ్వేం తాగుతున్నావో నాకెలా తెలుస్తుంది, ఇక్కణ్ణుంచి కనపడుతుందా?

… ఊహించాలి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు. సరే… కాఫీ.

… వేడినీళ్లా? అయితే జలుబు నిజమేనన్నమాట.

… ఇంకోటా? నీ కాళ్లకి చెప్పులున్నాయా… లేవు.

… కరెక్టా? నిజంగా? చల్లటి నేల మీద వట్టి కాళ్లతో తిరిగితే జలుబు చేయక ఏం చేస్తుంది?

… నీ బల్ల మీద దిద్దాల్సిన పేపర్లు… నలభై.

… డెబ్భై మూడు. అబ్బో. తప్పు.

మూడింటికి ఒకటి వచ్చింది. రెండు తప్పులు.

… ఏమైందంటే?

… ఏమీ కాలేదు.

… ఆ. రెండు తప్పులు చెప్పాను. ఎవరికీ ఏమీ కాలేదు.

… ఎందుకలా అనిపించిందో, మళ్లీ అనాలనిపించింది. ఎవరికీ ఏమీ కాలేదు.

… ఆ లెక్కన తొమ్మిది ఖాళీల్లో మూడు వస్తాయి. అంటే వినడంలో ఆరు. మిగతా అర?

… ఏంటీ? నోరు మూసుకుంటే వస్తుందా? మీ అత్తతోనేనా ఆ మాట?

… రాసుకున్నా. 'నోరు మూసుకోవాలి — మేనకోడలు. ఆరూ యాభై ఐదు.' దాచి ఉంచుతాను.

— ఆ, చూశావా సిస్టర్? … రెండు చెంచాలు. … విరిగి వచ్చిందా, పాలలాగేనా? … జ్వరం? … లేదా? పెట్టి చూశావా, ఊహించావా? … చూశావు. మంచిది. భుజాన వేసుకుని వీపు తట్టు, పావుగంట పడుకోబెట్టకు. —

… ఆ, విన్నావా? అక్కడ ఊహ, ఇక్కడ చూపు. రెండూ కలపను. నాకు తెలుసులే.

సరే, మొత్తం తిరిగి చదువుతున్నా. రేపు తొమ్మిదింటికి. వినడం: పైకి చదవకూడదు, వదలకూడదు, తెలియకపోతే ఊహ. చదవడం: పేరా ఏమంటే అది. రాయడం: డాక్టరు వద్దు, మామయ్య ఉండొచ్చు. మాట్లాడటం: నాలుగు మంచాలు. సంతకాలు ఎక్కడా వద్దు. ఆ కాగితాన్ని ఎవరి మంచానికీ తగిలించరు. కరెక్టా?

… ఆ.

… లేదు, ఇంకేం లేదు. వెళతా. ఆ పెన్సిళ్లు చూసి మెచ్చుకోవాలి కదా.

… వసపిట్టా, ఒక్కమాట.

… నేను పాసవుతానా?

… అంత గట్టిగా అరవకు, మా అన్నయ్యకి వినపడుతుంది.

… నువ్వు చూశావా?

… చూడలేదు. ఊహే.

… సరే. ఉండు, రాసుకుంటున్నా. 'అత్త… పాసవుతుంది.' చెప్పినది మేనకోడలు. టైం ఏడూ ఐదు.

… తిరిగి చదవనా? అత్త పాసవుతుంది. కరెక్టా?

… ఆ. దీని మీద సంతకం పెట్టాను. ఈ కాగితం మాత్రం నా మంచానికి తగిలించుకుంటా. ఉంటా తల్లీ.